నియమం, నిజ్ఝత్తి: దినచర్యను గురించి ఢిల్లీ–తోప్రా స్తంభం చెప్పేది

తూర్పు ఢిల్లీలో లక్ష్మీనగర్ అనగానే చార్టర్డ్ అకౌంటెన్సీ చదివే విద్యార్థులు గుర్తుకు వస్తారు. వికాస్ మార్గ్ పొడవునా, దాని వెనుకనున్న ఇరుకు గల్లీలలోనూ కోచింగ్ సెంటర్లు, పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ కొట్లు, అద్దెగదులు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. దేశం నలుమూలల నుండి వచ్చిన యువతీయువకులు ఇక్కడ ఏళ్ల తరబడి ఒకే విధమైన రోజును గడుపుతారు. అదే గది, అదే తరగతి, అదే మెస్సు భోజనం, రాత్రి మళ్లీ అదే పుస్తకం. వారిలో ఎవరిని పలకరించినా రెండు మాటలు కలిపి చెబుతారు: నియమం తప్పితే చదువు సాగదు, నియమం ఒక్కటే మిగిలితే మనసు సాగదు. ఇది విద్యార్థుల కష్టం మాత్రమే కాదు. ఉద్యోగి, గృహిణి, పదవీవిరమణ చేసిన వృద్ధుడు, చివరకు ధ్యానసాధకుడు కూడ ఏదో ఒకనాడు ఈ చిక్కులో పడవలసినవారే.

ఈ చిక్కును గురించి ఆలోచించడానికి లక్ష్మీనగర్ వాసులు దూరం పోనవసరం లేదు. వికాస్ మార్గ్ వెంట పడమరగా యమున దాటి, ఐ.టి.ఓ. కూడలి నుండి కుడివైపు బహదూర్ షా జఫర్ మార్గ్‌లోకి తిరిగితే కొద్దిసేపటికే ఫిరోజ్ షా కోట్లా శిథిలాలు వస్తాయి. అక్కడ మెట్లు మెట్లుగా కట్టిన ఒక భవనం పైన నునుపైన ఇసుకరాతి స్తంభం నిలిచి ఉంది. అశోక చక్రవర్తి వేయించిన చివరి పెద్ద శాసనం ఆ స్తంభం మీద ఉన్నది. మనుషులలో మంచి మార్పు దేనివల్ల వస్తుంది, విధించిన నియమం వల్లనా, లోలోపలి ఆలోచన వల్లనా అనే ప్రశ్నకు ఆ శాసనంలో ఆయన తన అనుభవం మీద సమాధానం చెప్పాడు. ఆ సమాధానం వెనుక బౌద్ధసంఘం అప్పటికే గడించిన అనుభవం ఉన్నది. ఆ పూర్వకథను, తెలుగునేల మీద దాని జాడలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చదవని రాయి

ఈ స్తంభం మొదట ఢిల్లీలో లేదు. నేటి హర్యానా రాష్ట్రం యమునానగర్ జిల్లాలోని తోప్రా గ్రామంలో ఉండేది. 14వ శతాబ్దంలో సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ దీనిని చూచి ఆశ్చర్యపడి తన కొత్త నగరానికి తరలించాడు. ఆ తరలింపును షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడు వివరంగా వర్ణించాడు. స్తంభం చుట్టూ బూరుగుదూది పరిచి దానిని మెల్లగా నేలకు దించారు. రెల్లుతోను పచ్చితోళ్లతోను చుట్టి, 42 చక్రాల బండి మీద నది ఒడ్డుకు చేర్చారు. అక్కడి నుండి పెద్ద పడవల మీద యమునలో దిగువకు తెచ్చారు. ఇంత శ్రద్ధగా తెచ్చిన స్తంభం మీది అక్షరాలను చదవమని సుల్తాన్ పండితులను అడిగితే చదవగలిగినవారు లేకపోయారు.

1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని ఛేదించేదాకా స్తంభం మూగగానే నిలిచింది. అయితే ఎవరూ దానిని పట్టించుకోలేదని కాదు. 1164లో చాహమాన రాజు విగ్రహరాజు దీని మీదనే తన విజయాలను చెక్కించుకున్నాడు. తరువాతి కాలంలో కోట్లా శిథిలాలు జిన్నుల నివాసమనే నమ్మకం ఏర్పడింది. నేటికీ గురువారాలలో జనం వచ్చి దీపాలు వెలిగించి తమ కోరికలను కాగితాల మీద వ్రాసి అక్కడ ఉంచుతారు. ఒక వస్తువు పట్ల ఆచారం శతాబ్దాల పాటు సజీవంగా ఉండి, దాని మీది మాట మాత్రం మరుగున పడి ఉండవచ్చు. మన నిత్యకృత్యాలలో అనేకం ఈ స్తంభం వంటివే. చేస్తూనే ఉంటాం, ఎందుకు మొదలుపెట్టామో చదవలేకపోతాం.

స్తంభం మీది మొదటి ఆరు శాసనాలు ఇతర స్తంభాల మీద కూడ లభించినవి. ఏడవది పూర్తిపాఠంతో ఈ ఒక్క స్తంభం మీదనే ఉన్నది. అభిషేకమైన 27 సంవత్సరాలకు, అంటే సుమారు క్రీ.పూ. 242 ప్రాంతంలో, అశోకుడు తన పాలనను సింహావలోకనం చేసుకుంటూ దీనిని వేయించాడు. ప్రజలలో ధర్మవృద్ధి రెండు మార్గాలలో జరిగిందని ఆయన అంటాడు. ఒకటి ధర్మనియమం, రెండవది నిజ్ఝత్తి. ఫలానా ప్రాణులను చంపరాదని తాను విధించినటువంటి ఆజ్ఞలే ధర్మనియమానికి ఉదాహరణ అని తానే చెబుతాడు. ఈ రెండింటిలో నియమం లఘువు, నిజ్ఝత్తియే అధికం అని తేల్చాడు.

నిజ్ఝత్తి అనే మాటకు మూలం ‘నిధ్యానం’. నిలిచి చూడడం, తరచి ఆలోచించడం, ఆ ఆలోచన వల్ల ఒక విషయాన్ని మనస్ఫూర్తిగా అంగీకరించడం అనే అర్థాలన్నీ అందులో ఉన్నవి. కొందరు పండితులు దీనిని ‘నచ్చజెప్పడం’ అని అనువదించారు. ఎలా తీసుకొన్నా సారం ఒకటే. పైనుండి వచ్చిన విధి కన్న లోపల కలిగిన ఒప్పుదల బలమైనది. ఈ మాట అన్నది నియమాలు తెలియని కవి కాదు, వాటిని రాళ్ల మీద చెక్కించిన చక్రవర్తి. అందుకే దీనికి ఇంత విలువ.

ఉపోసథం: ఎంత నియమం చాలు?

సంఘచరిత్రలో నియమం ఎలా పుట్టిందో వినయపిటకంలోని మహావగ్గం కథారూపంగా చెబుతుంది. రాజగృహంలో ఇతర పరివ్రాజకులు పక్షానికి మూడుసార్లు, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ లేదా అమావాస్య దినాలలో, సమావేశమై తమ ధర్మాన్ని ప్రసంగించేవారు. అది చూచి బింబిసార మహారాజు, బౌద్ధభిక్షువులు కూడ అలా కలిస్తే బాగుంటుందని బుద్ధునికి విన్నవించాడు. బుద్ధుడు అంగీకరించాడు. అంటే ఉపోసథం సంఘం కొత్తగా కల్పించుకొన్నది కాదు, లోకంలో ఉన్న అలవాటునే స్వీకరించినది.

తరువాత జరిగినది గమనించదగినది. భిక్షువులు చెప్పిన దినాలకు వచ్చి మౌనంగా కూర్చున్నారు. ధర్మం వినవచ్చునని వచ్చిన జనం నిరాశపడి, వీరు మూగపందులవలె కూర్చున్నారని నిందించారు. అప్పుడు బుద్ధుడు ఆ దినాలలో ధర్మప్రసంగం చేయమన్నాడు. ఆపైన శిక్షాపదాలను ప్రాతిమోక్షంగా పఠించే పద్ధతిని ఏర్పరచాడు. ఉత్సాహం కొద్దీ కొందరు ప్రతిదినమూ పఠించసాగారు, బుద్ధుడు వద్దన్నాడు. మరికొందరు పక్షానికి మూడుసార్లు పఠించారు, అదీ వద్దన్నాడు. పక్షానికి ఒక్కసారి చాలునన్నాడు. దొంగలు, అగ్ని, వరద వంటి ఆపద ఎదురైతే పాఠాన్ని సంక్షేపించడానికి కూడ అనుమతించాడు.

ఈ చిన్న కథలో మూడు మెట్లున్నవి. కేవలం హాజరు కావడం నియమం కాదు, అందులో మాట ఉండాలి. ఆ మాటను రోజూ వల్లెవేస్తే అది అరిగిపోతుంది. కనుక దాని నడుమ ఎడం ఉండాలి. ఎక్కువ నియమం ఎక్కువ శ్రద్ధకు గుర్తు అనుకోవడం పొరపాటని సంఘం తొలినాళ్లలోనే గ్రహించింది.

ఒకే దినచర్య, రెండు తీర్పులు

వర్షావాసం కూడ ఇటువంటిదే. వానకాలంలో భిక్షువులు పచ్చిగడ్డిని, చిన్నప్రాణులను తొక్కుకుంటూ తిరుగుతున్నారని, పక్షులు సైతం ఆ కాలంలో చెట్లకొమ్మల మీద గూళ్లు కట్టుకొని నిలుస్తాయని జనం ఆక్షేపించినప్పుడు మూడు నెలల నివాసం ఏర్పడింది. మిగిలిన కాలమంతా చారిక, అనగా ఊరూరా సంచారం. ఏడాదిలో ఒక భాగం నిలకడకు, మిగిలిన భాగం నడకకు ఇవ్వబడినవి. నిలకడలో కూడ ఒక తలుపు తెరిచి ఉంచారు. తగిన పని మీద పిలుపు వస్తే, ఏడు దినాలలో తిరిగి వచ్చే షరతు మీద భిక్షువు ఆవాసం విడిచి వెళ్లవచ్చును. బయటకు పోవడం తప్పు కాదు, తిరిగిరావడం మరువరాదు.

ఈ వర్షావాసం చివరి దినమైన ప్రవారణకు సంబంధించి మహావగ్గం చెప్పే ఉదంతం మన విషయానికి ప్రాణం వంటిది. కోసలదేశంలో కొందరు భిక్షువులు కలిసి వర్షావాసం గడపదలచి, కలహం లేకుండ సుఖంగా ఉండడానికి ఒక ఏర్పాటు చేసుకొన్నారు. భిక్ష నుండి ముందుగా వచ్చినవారు ఆసనాలు వేసి, కాళ్లు కడుగుకొనే నీళ్లు సిద్ధం చేయాలి. చివర వచ్చినవారు మిగిలినది తిని, చోటు ఊడ్చి శుభ్రం చేయాలి. కుండ ఖాళీగా కనబడితే చూచినవారు నింపాలి. ఒక్కరివల్ల కాకపోతే చేతిసైగతో మరొకరిని పిలవాలి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరాదు. మూడు నెలలు ఆ ప్రకారమే గడిచినవి. ఏ గొడవా రాలేదు. వారు సంతోషంగా శ్రావస్తికి వెళ్లి ఈ సంగతి బుద్ధునికి చెప్పారు. ఆయన మెచ్చుకోలేదు. సుఖంగా ఉన్నామని వారు అనుకొంటున్నారు గాని, పశువుల మంద కలిసి ఉన్నట్లు ఉన్నారని మందలించాడు. ఇకమీదట వర్షావాసం ముగిసిన భిక్షువులు ఒకరినొకరు ఆహ్వానించి, తమలో చూచిన, వినిన, అనుమానించిన దోషాలను చెప్పమని అడగవలసినదని ప్రవారణను విధించాడు.

ఇంతవరకు చదివినవారికి, ఆ దినచర్యలోనే ఏదో లోపమున్నదని తోచవచ్చు. కాని త్రిపిటకంలో మరొకచోట అదే దినచర్య అక్షరాలా అలాగే కనబడుతుంది. ప్రాచీనవంశదావంలో అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు కలిసి ఉండేవారు. అక్కడా ముందువచ్చినవారు ఆసనాలు వేస్తారు, చివరివారు ఊడుస్తారు, ఖాళీకుండను చూచినవారు నింపుతారు, సాయం కావలసివస్తే చేతిసైగతోనే పిలుస్తారు, నోరు విప్పరు. దీనిని బుద్ధుడు మెచ్చుకొన్నాడు.

తేడా ఎక్కడ ఉన్నది? అనురుద్ధుడు చివర ఒక మాట చేర్చాడు. ప్రతి ఐదు దినాలకొకసారి రాత్రంతా కూర్చుని తాము ధర్మచర్చ చేస్తామన్నాడు. అదిగాక, తన ఇష్టాన్ని పక్కన పెట్టి తోటివారి మనసు ననుసరించి ఎలా నడుస్తున్నదీ వారిలో ప్రతి ఒక్కరూ చెప్పగలిగారు. నీళ్లకుండ ఒకటే, చీపురు ఒకటే, మౌనమూ ఒకటే. ఒకచోట ఆ మౌనం ఒకరినుండి ఒకరు తప్పించుకోవడానికి. మరొకచోట ఐదవరాత్రి మాట్లాడుకోవడానికి కావలసినది కూడబెట్టుకోవడానికి.

దీనిని బట్టి బౌద్ధ వినయం కొత్తదనాన్ని ఎక్కడ వెదికిందో తెలుస్తుంది. దినచర్యను మార్చడంలో కాదు, దినచర్యను తిరిగి చూచుకొనే ఒక సమయాన్ని ఆ దినచర్యలోనే నాటడంలో. అశోకుడు నిజ్ఝత్తి అన్నది దీనికి దగ్గరి విషయమే.

వైశాలి పాఠం

అయితే నియమాన్ని ఎవరు, ఎంతవరకు సడలించవచ్చును? బుద్ధుడు తన చివరి దినాలలో, సంఘం కోరితే చిన్నచిన్న శిక్షాపదాలను తొలగించుకోవచ్చునన్నాడు. ఆ చిన్నవి ఏవో ఆనందుడు అడగలేదు. రాజగృహంలో జరిగిన ప్రథమసంగీతిలో దీనిమీద చర్చ వచ్చినప్పుడు మహాకాశ్యపుడు, లేనిది కల్పించవద్దు, ఉన్నది తీసివేయవద్దు అని ప్రతిపాదించాడు. గురువు చితిపొగ ఆరేదాకే వీరి నియమాలు నిలిచినవని లోకులు అనుకొంటారేమోనని ఆయన జంకు.

సుమారు నూరేళ్ల తరువాత వైశాలిలో ఆ ప్రశ్న మళ్లీ తలెత్తింది. అక్కడి వజ్జిపుత్తక భిక్షువులు పది సడలింపులను ఆచరిస్తున్నారని యశుడనే స్థవిరుడు అభ్యంతరం తెలిపాడు. కొమ్ములో ఉప్పు దాచుకోవడం, మధ్యాహ్నం దాటి నీడ రెండు అంగుళాలు సాగేదాకా భుజించడం, బంగారం వెండి స్వీకరించడం మొదలైనవి ఆ పదింటిలో ఉన్నవి. ఆ జాబితాలో ‘ఆచిణ్ణకప్పం’ అనేది ఒకటి. మా ఉపాధ్యాయుడు ఇలా చేశాడు, మా ఆచార్యుడు ఇలా చేశాడు, కనుక మేమూ చేయవచ్చును అనే వాదం అది. రేవతుడు ప్రశ్నించగా సబ్బకామి స్థవిరుడు తొమ్మిదింటిని తోసిపుచ్చాడు గాని, ఈ ఒక్కదానికి మాత్రం కొంత తగును, కొంత తగదు అని సమాధానమిచ్చాడు.

ఈ తీర్పు ఎంతో వివేకవంతమైనది. ‘ఇది అలవాటు’ అనేది ఒక పనిని సమర్థించడానికీ చాలదు, ఖండించడానికీ చాలదు. ప్రతిదాన్నీ విడిగా తీసి చూడాలి. వైశాలి భిక్షువుల కొత్తదనం సౌకర్యం కోసం వచ్చినదని స్థవిరుల అభియోగం. అది నిజమో కాదో మనకు ఒకవైపు వారి కథనం ద్వారానే తెలుస్తున్నది. అయినా, కొత్తదనం కోరినప్పుడల్లా ఇది శ్రద్ధ పెంచడానికా, శ్రమ తప్పించుకోవడానికా అని అడగవలసి ఉంటుందన్న సంగతి నిలుస్తుంది.

ఎర్రగుడి బండమీది చక్రవర్తి

ఇక అశోకుని ఆచరణను చూడాలంటే తెలుగువారు కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లవచ్చు. అక్కడి బండల మీద పదునాలుగు ప్రధాన శిలాశాసనాలు, వాటితోబాటు లఘుశాసనాలు ఉన్నవి. లఘుశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు, నాగలిచాలు తిరిగినట్లు సాగుతాయి. చెక్కినవాడు చేసిన ఈ వింత ఏమైనా, తల్లిదండ్రుల మాట వినవలె, గురువును గౌరవించవలె అన్న అందులోని ఉపదేశాన్ని అశోకుడు ‘పురాతన ప్రకృతి’ అని పేర్కొన్నాడు. తాను కొత్తగా చెప్పించిన ధర్మం పాతదేనని ఆయన భావన.

అశోకుడు పాత అలవాట్లను చెరిపివేయడం కన్న వాటి లోపలి పదార్థాన్ని మార్చడానికే ఎక్కువగా యత్నించాడు. పూర్వపు రాజులు వేటకై విహారయాత్రలు చేసేవారు. ఆయన యాత్ర మానలేదు. అభిషేకమైన పదేళ్లకు సంబోధికి, అనగా బుద్ధగయకు, వెళ్లినది మొదలు దానిని ధర్మయాత్రగా మార్చాడు. శ్రమణులను, బ్రాహ్మణులను, వృద్ధులను దర్శించడం, జానపదులను కలిసి ధర్మం మాట్లాడడం అందులో కార్యక్రమాలు. జనం రోగాలప్పుడు, పెండ్లిండ్లప్పుడు, ప్రయాణాలప్పుడు చేసే మంగళకార్యాలను ఆయన ఆపమనలేదు. చేయదగినవే గాని అల్పఫలమిచ్చేవి అన్నాడు. సేవకుల పట్ల మంచినడత, గురువుల పట్ల గౌరవం వంటి ధర్మమంగళమే గొప్ప ఫలమిస్తుందన్నాడు.

తన వంటశాలను గురించి ఆయన చెప్పినది మరింత నిజాయతీగా ఉంటుంది. ఒకప్పుడు అక్కడ రోజూ అనేక లక్షల ప్రాణులను కూరకై చంపేవారట. ఈ శాసనం వ్రాయించేనాటికి మూడే: రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడ నిత్యం కాదు. ముందుముందు ఈ మూడింటినీ చంపరు అని ముగించాడు. పూర్తిగా మానివేశానని చెప్పుకోవడానికి చక్రవర్తికి అడ్డేముంది? ఆయన అలా చెప్పలేదు. అలవాటు తగ్గుతూ వస్తున్నదని, ఇంకా మిగిలి ఉన్నదని లెక్కతో సహా రాతి మీద చెక్కించాడు. తన అలవాటును తానే తరచిచూచినవాడు చేయగల పని ఇది.

సమయపాలన విషయంలో కూడ ఆయనది వేరుదారి. అర్థశాస్త్రం రాజు పగటిని ఎనిమిది భాగాలుగా, రాత్రిని ఎనిమిది భాగాలుగా విభజించి ఏ భాగంలో ఏ పని చేయాలో నిర్ణయించింది. అశోకుడు తన ఆరవ శిలాశాసనంలో, తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, ఉద్యానంలో ఉన్నా ప్రజల సంగతి వెంటనే తనకు నివేదించాలని ఆజ్ఞాపించాడు. వేళకు కట్టుబడడం కన్న పనికి కట్టుబడడం ముఖ్యమని దీని భావం. అలాగని వేళలను విడిచాడని కాదు. అధికారులు ఐదేళ్లకొకసారి పర్యటించాలని మూడవ శాసనం విధిస్తుంది. ఐదవ స్తంభశాసనం చాతుర్మాస్య పూర్ణిమలలో, తిష్య పూర్ణిమనాడు, ఉపోసథ దినాలలో చేపలను చంపరాదని, అమ్మరాదని పంచాంగం వేసినట్లు చెబుతుంది. ఆ శాసనం కూడ కోట్లాలోని స్తంభం మీద ఉన్నది.

ఈ పంచాంగం వేసిన మరుసటి సంవత్సరమే, అదే రాతి మీద, నియమం లఘువు అని వ్రాయించడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ఆయన నియమాలను రద్దు చేయలేదు. అవి ఎంత మోయగలవో అంతే మోస్తాయని ఒప్పుకొన్నాడు. చేప అమ్మని దినాన్ని ఆజ్ఞతో సృష్టించవచ్చు; ఆ దినాన చేప మీద దయను ఆజ్ఞతో సృష్టించలేము.

తెలుగునేల విహారాలలో

సంఘం ఏర్పరచుకొన్న నిలకడ, నడక తెలుగునేల మీద రాతిలోనూ ఇటుకలోనూ కనబడతాయి. విశాఖపట్నం సమీపాన సముద్రం మీదికి చూచే తొట్లకొండ, బావికొండల పేర్లు అక్కడి రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల, బావుల వల్ల వచ్చినవి. వాననీరు పట్టుకొని కొండ మీద ఏడాది పొడవునా బ్రతకడానికి అది ఏర్పాటు. తొట్లకొండ తవ్వకాలలో నివాసపు గదులతోబాటు భోజనశాల, సమావేశ మండపం బయటపడినవి. నాగార్జునసాగర్ జలాశయం నిండకముందు, 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయలో జరిగిన తవ్వకాలలోనూ ఇదే అమరిక మళ్లీమళ్లీ కనబడింది: ఒక్కొక్కరికి చిన్నగది, అందరికీ నడిమి మండపం. ఒంటరితనానికి ఎంత చోటు కావాలో, కలిసి మాట్లాడుకొనడానికి ఎంత చోటు కావాలో కట్టినవారికి తెలుసు. కోసల భిక్షువుల వర్షావాసానికి గదులు చాలు. అనురుద్ధుని ఐదవరాత్రికి మండపం కావాలి.

ఆ లోయలోనే అపరమహావినసేలియ, బహుశ్రుతీయ, మహీశాసక శాఖల పేర్లు శాసనాలలో ఉన్నవి. వైశాలి తరువాతి చీలికలలో మహాసాంఘికుల నుండి వచ్చినవారిని, స్థవిరుల నుండి వచ్చినవారిని ఒకే లోయ పోషించింది. పూర్వశైల, అపరశైల శాఖల సిద్ధాంతాలను సింహళ వ్యాఖ్యానకారులు ‘అంధకుల’ అభిప్రాయాలుగా పేర్కొని ఖండించారు. అంటే మన ప్రాంతపు భిక్షువులు పాతపాఠాన్ని అప్పగించి ఊరుకోక ప్రశ్నించారన్నమాట. ఉపోసథం పాటిస్తూనే సిద్ధాంతాన్ని తిరిగి పరిశీలించడం వారికి విరుద్ధంగా తోచలేదు.

నేటి దినచర్యకు

ఈ చరిత్ర అంతా ఒక హెచ్చరికను కూడ వినిపిస్తుంది. బుద్ధుడు చెప్పిన సంయోజనాలలో శీలవ్రత పరామర్శ ఒకటి. ఆచారాన్నే పట్టుకొని అదే విముక్తి ఇస్తుందనుకోవడం దాని లక్షణం. దీని పేరు చెప్పి నియమాలన్నిటినీ తేలికచేసేవారు ఉన్నారు. కాని బంధమన్నది వ్రతం కాదు, దాన్ని పట్టుకొన్న తీరు. కుండ నింపడం మానితే విముక్తి రాదు, దాహం వస్తుంది.

లక్ష్మీనగర్ విద్యార్థి తన దినచర్య విసుగు పుట్టించినప్పుడు సాధారణంగా చేసేది, ఉన్నదాని స్థానంలో మరొకటి తేవడం. కొత్త అధ్యాపకుని తరగతి, కొత్త నోట్సు, కొత్త గది, కొత్త సమయపట్టిక. కొద్దిదినాలకు అవీ పాతబడతాయి. వినయం చూపే దారిలో పట్టిక అదే ఉండవచ్చు. అయితే అది మోయగలిగినంత చిన్నదిగా ఉండాలి. పక్షానికొకసారి చాలినదానిని రోజూ వల్లెవేయనవసరం లేదు. పిలుపు వస్తే ఏడు దినాలు ఊరికి వెళ్లివచ్చే తలుపు తెరిచి ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా ఐదవరాత్రి వంటిది ఒకటి ఉండాలి. గదిలోని స్నేహితుని ఎదుట కూర్చుని, ఈ వారం నేను వ్రాసిన జవాబులలో నీకు కనబడిన తప్పు చెప్పు, నా నడతలో నీకు తోచిన లోపం చెప్పు అని అడిగే సమయం అది. ఇద్దరూ ఒకే గదిలో, ఎవరి చెవిలో వారు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఏ గొడవా లేకుండ ఏడాది గడిపితే అది కోసల భిక్షువుల వర్షావాసమే. బయటి నుండి చూచినవారికి ఎంతో క్రమశిక్షణగా కనబడుతుంది.

గృహస్థులకూ ఇది వర్తిస్తుంది. భోజనాలు వేళకు జరిగి, బిల్లులు వేళకు కట్టబడి, ఎవరూ ఎవరినీ ఏమీ అడగని ఇండ్లు మనం ఎరుగుదుం. అటువంటి ఇంటికి కావలసినది విహారయాత్ర కాకపోవచ్చు. ప్రవారణ కావచ్చు.

ఏడవ శాసనం ముగింపులో అశోకుడు, ఎక్కడ శిలాస్తంభాలు గాని శిలాఫలకాలు గాని ఉంటే అక్కడ ఈ ధర్మలిపిని వ్రాయించాలని, అది చిరకాలం నిలవాలని ఆజ్ఞాపించాడు. సామ్రాజ్యమంతటికీ వర్తించే నియమం అది. అది ఎంతవరకు అమలైనదో గాని, పూర్తిపాఠం నిలిచినది మాత్రం ఒకే స్తంభం మీద. నియమం లఘువన్న ఆయన మాటకు ఆయన శాసనమే సాక్ష్యమైనది. ఆ ఒక్క ప్రతి లక్ష్మీనగర్‌కు ఎదుటి ఒడ్డున ఉన్నది. ప్రతిదినం వికాస్ మార్గ్ మీదుగా యమున దాటి పనికి పోయేవారిలో తెలుగువారూ ఉన్నారు. ఒక సెలవునాడు ఐ.టి.ఓ. వద్ద ఆగి ఆ మెట్లెక్కి చూస్తే, రోజూ పోయే దారిలోనే ఇంతకాలం చదవనిది ఒకటి ఉన్నదని తెలుస్తుంది.